తెరచాప గుడ్డతో కుట్టించిన బ్యాగు

ఈమధ్య డబ్లిన్ శివారులోని మా లూకన్‌లో తెలుగువాళ్ళ పుట్టినరోజు ఎక్కడ జరిగినా ఎవరో ఒకరు నన్ను పక్కకి పిలిచి, "ఆంటీ, మీరు మంచుకొండల మీదికి తీసుకెళ్ళిన బ్యాగు లింకు పంపరా?" అని అడుగుతున్నారు. లింకు లేదంటే దాస్తున్నాననుకుంటున్నారు. నిజంగానే లేదు. ఆ బ్యాగు ఏ దుకాణంలోనూ దొరకదు. దొరికినా నా వీపుకి సరిపోయింది వాళ్ళ వీపుకి సరిపోదు. వచ్చే చలికాలానికి మనవాళ్ళే ఇద్దరు ఆడవాళ్ళు నాతో వస్తామంటున్నారు. ముఖ్యంగా వాళ్ళకోసం రాస్తున్నాను. బ్యాగు ఎంచుకోవడం గురించి ఇంగ్లీషులో చాలా పుస్తకాలున్నాయి, దొరికినన్ని చదివాను. నేను చేసిన పొరపాటు గురించి మాత్రం వాటిలో ఒక్కటీ హెచ్చరించలేదు. ఎందుకంటే అది మన ఇళ్ళల్లోనే జరుగుతుంది. అందుకని ఇది తెలుగులో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనిపించింది.

ముందు నా గురించి రెండు మాటలు. నేను ఇంటర్ దగ్గర చదువు ఆపేసినదాన్ని. పెళ్ళయ్యాక చీరాల నుంచి ఇక్కడికొచ్చాను. మా ఆయన టాలట్‌లో ఆస్పత్రి డాక్టరు. ఆయన స్నేహితుల ఇళ్ళకి వెళితే అక్కడున్న ఆడవాళ్ళందరికీ ఏదో ఒక డిగ్రీ ఉండేది. "మీరేం చేశారండీ?" అని అడుగుతారని భయపడి, ఎవరూ చెప్పకుండానే లేచి వంటింట్లో ప్లేట్లు సర్దేదాన్ని. ఇక్కడ లైబ్రరీ కార్డు ఉచితమని, ఆలస్యంగా ఇచ్చినా జరిమానా లేదని తెలిసిన రోజు నా జీవితంలో పెద్ద రోజు. ఏం చదవాలో చెప్పేవాళ్ళు లేరు కాబట్టి అరలవారీగా మొదలుపెట్టాను. వంటల అర అయ్యాక తోటపని అర. దాని పక్కనే కొండల అర. అక్కడికొచ్చాక ముందుకి కదల్లేదు. మంచు ఎలా పేరుకుంటుంది, మంచు చరియ ఎందుకు విరుగుతుంది, తాడు ముడి ఎలా వెయ్యాలి, అన్నీ చదివాను. మా లైబ్రరీలో లేని పుస్తకాన్ని ఎన్నిస్ నుంచో ఇంకో ఊరి నుంచో తెప్పించి ఇస్తారు. కౌంటరులో ఉండే ఆవిడ నన్ను చూడగానే, "మీ కొండలు వచ్చాయి" అనేది.

మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు: "మా ఆవిడ పెద్ద పర్వతారోహకురాలు. హిమాలయాలు రెండుసార్లు ఎక్కింది. సోఫా దిగకుండా."

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. కానీ పదకొండేళ్ళు చదివాక ఆ మాట కొంచెం గుచ్చుకోవడం మొదలైంది.

లైబ్రరీ నోటీసు బోర్డులో చూసి కొండలెక్కే క్లబ్బులో చేరాను. మూడేళ్ళు విక్లో కొండల్లో తిరిగాను. డబ్లిన్‌కి దక్షిణాన ఒక కొండవాలు మీద మంచుకి బదులు ప్లాస్టిక్ బ్రష్షులు పరిచిన స్కీ స్లోప్ ఉంది. అక్కడ రెండు చలికాలాలు పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. ఒక వారం క్లబ్బువాళ్ళతో వెళ్ళి నిజమైన మంచు మీద కూడా జారాను. అయితే అది లిఫ్టు పైకి తీసుకెళితే కిందికి జారడం. నేను చదివింది అది కాదు. స్కీలకి అడుగున పట్టుండే పట్టీలు అతికించుకుని, మన కాళ్ళతో మనమే కొండ ఎక్కి, మరీ నిటారుగా ఉన్నచోట స్కీలు బ్యాగుకి కట్టుకుని నడిచి, ఒక విడిది నుంచి ఇంకో విడిదికి వెళ్ళడం. దాన్నే స్కీ టూరింగ్ అంటారు. మా క్లబ్బు మార్చిలో ఆరు రోజులు నార్వే వెళుతోందని, ఆరుగురికే చోటని తెలిసి పేరిచ్చాను.

మా లీడరు కెర్రీ నుంచి వచ్చిన ఆవిడ. స్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైంది. మొహమాటం లేని మనిషి. నన్ను కూర్చోబెట్టి విషయం చెప్పింది.

"నువ్వు అందరికంటే కొత్త. అందరికంటే నెమ్మది. బరువు తగ్గించుకుంటేనే మాతో నడవగలవు. నీళ్ళు, తిండి, పార, అన్నీ కలిపి తొమ్మిది కిలోలు దాటకూడదు. బ్యాగు నేను చూడాలి. ఫిబ్రవరిలో విక్లోలో ఒక రోజు పరీక్ష. నాకు నచ్చకపోతే నువ్వు లిఫ్టు గ్రూపుతో వెళ్ళు. కోపం తెచ్చుకోవద్దు."

"కోపం రాదు" అన్నాను. లిఫ్టు గ్రూపుతో వెళితే మాత్రం నేను సోఫా దిగనట్టేనని లోపల అనుకున్నాను. ఆ ఆరింటిలో ఒక చోటు నాకు కావాలి.

అప్పటిదాకా క్లబ్బువాళ్ళు అరువిచ్చిన బ్యాగుతో నడిపాను. అది ఒక పొడవాటి మగమనిషిది. నడుము బెల్టు నా తొడల మీదికి జారేది, బరువంతా భుజాల మీద పడేది. ఇంటికొచ్చాక అత్తయ్య నా మెడకి జండూబామ్ రాస్తూ తిట్టేది. అత్తయ్య ఆ చలికాలం మా దగ్గరే ఉంది. చీరాలలో వీధి మొత్తానికి జాకెట్లు కుట్టిన మనిషి, కొలతలంటే ఊరుకోదు. బ్యాగు కొలత మనిషి ఎత్తుని బట్టి కాదు, మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి నడుము ఎముక పైదాకా వీపు పొడుగుని బట్టి తీసుకోవాలని పుస్తకంలో చదివి, ఆవిడనే తియ్యమన్నాను.

"తల వంచు. ఆ, ఇదీ ఎముక. ఊపిరి బిగబట్టకే, జాకెట్టు కాదుగా" అంటూ టేపు లాగింది. "నీది పొట్టి వీపే అమ్మాయ్. కాళ్ళు పొడుగు. అందుకే నీకు కొన్న జాకెట్టు ఏదీ నప్పదు."

ఆ ఒక్క కొలతతో నేను రాసుకున్న జాబితాలో సగం బ్యాగులు కొట్టేశాను. మిగిలినవాటిని వంటింటి బల్ల మీద నోటు పుస్తకం పెట్టుకుని రోజూ చూసేదాన్ని. ముప్పై అయిదు లీటర్లు చాలు, విడిదిలో పరుపు, దుప్పటి ఉంటాయి. పారా, మంచులో గుచ్చి వెతికే కడ్డీ పెట్టడానికి విడిగా ఒక అర ఉండాలి. ఎవరైనా మంచు చరియ కింద చిక్కుకుంటే స్వెట్టర్లు బయటికి తీస్తూ కూర్చునే వ్యవధి ఉండదు. స్కీలు కట్టడానికి పక్కల గట్టి లూపులు ఉండాలి. మంచు గొడ్డలికి ఒకటి. చేతికి గ్లవుజులున్నా తెరుచుకునే బకిళ్ళు ఉండాలి. ఖాళీ బ్యాగు కిలోకి లోపు తూగాలి. ఇవన్నీ ఒకవైపు.

రెండోవైపు ఇంకో ఆలోచన. కొండల మీద మంచు ఏటేటా వెనక్కి పోతోందని నేను చదివిన పుస్తకాలన్నిటిలో ఉంది. ఆ మంచు చూడ్డానికి వెళుతూ, నాలుగేళ్ళలో చెత్తలో పడే వస్తువు కొనడం నాకు నచ్చలేదు. తేలికా మన్నికా ఒకచోట కుదరడం కష్టం. దుకాణంలో అన్నిటికంటే తేలికైన బ్యాగుని చేత్తో పట్టుకున్నాను. ఉల్లిపొరలా ఉంది. స్కీల అంచుకి ఇనుము ఉంటుంది, కత్తిలా కోస్తుంది. ఆ గుడ్డ ఒక్క సీజను ఆగదనిపించింది. అక్కడి కుర్రాడు, "ఇది రీసైకిల్ చేసిన గుడ్డ, పర్యావరణానికి మంచిది" అన్నాడు. చిరిగితే బాగుచేస్తారా అని అడిగాను. వారంటీలో కొత్తది ఇస్తామన్నాడు. నేను అడిగింది అది కాదు. పాత వస్తువుల సైటులో ఒకటి చూశాను, మంచి గట్టిది, కానీ ఖాళీదే రెండు కిలోలు. ఇంకోటి అన్ని విధాలా బాగుంది, వీపు మాత్రం మగవాళ్ళ కొలత.

మా అమ్మాయికి పదహారేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ డబ్లిన్ యాసలో. నోటు పుస్తకం చూసి, "మామ్, ఇట్స్ ఎ బ్యాగ్. యూ బాట్ ది హౌస్ ఫాస్టర్" అంది.

"ఇల్లు మీ నాన్న కొన్నారు. బ్యాగు నేను కొంటున్నాను" అన్నాను.

చివరికి దారి చూపింది కూడా పుస్తకమే. గుడ్డల గురించిన ఒక లావుపాటి పుస్తకం ఎన్నిస్ నుంచి తెప్పించుకున్నాను. ఈ కొత్తరకం తేలికపాటి బ్యాగు గుడ్డ అసలు పందెం పడవల తెరచాపల కోసం పుట్టిందని అందులో ఉంది. పడుగూ పేకా నేసినట్టు నెయ్యరు. గట్టి దారాలు పరిచి, వాటికి అటూ ఇటూ పల్చటి పొరలు అతికిస్తారు. నీళ్ళు దిగవు, సాగదు, తూకం ఉండదు. పందెపు పడవల వాళ్ళు తెరచాప ఆకారం కొంచెం మారగానే తీసి పారేస్తారని కూడా చదివాను. గుడ్డ ఇంకా గట్టిగానే ఉంటుంది. అలా పారేసినవాటితో బ్యాగులు కుట్టేవాళ్ళు ఉండే ఉంటారని వెతికితే, కార్క్ తీరంలో భార్యాభర్తలు ఇద్దరే నడిపే చిన్న వర్క్‌షాపు దొరికింది. కొలతలిస్తే కుట్టి ఇస్తారు. నేను ఫోన్ చేసి ముప్పావుగంట ప్రశ్నలు అడిగాను. ఆ భార్య విసుక్కోలేదు. రాసుకోండి అంటూ ఆవిడే ఇంకో నాలుగు విషయాలు చెప్పింది. స్కీ అంచులు తగిలే పక్కలకి రెండో పొర వేస్తామంది. నీళ్ళు జారిపోవడానికి పైన ఏ రసాయనమూ పూయమంది. చిరిగితే ఎన్నేళ్ళకైనా పంపమంది.

బ్యాగు జనవరి చివర్లో వచ్చింది. తెలుపూ బూడిదా కలిసిన రంగు, లోపల దారాలు గీతల్లా కనిపిస్తున్నాయి. ఒక పక్కన పాత తెరచాప మీది నీలం అంకె సగం మిగిలింది. వంటింటి త్రాసు మీద పెట్టాను, ఎనిమిది వందల చిల్లర గ్రాములు. వేసుకుంటే నడుము బెల్టు ఎముక మీద కూర్చుంది. అత్తయ్య చుట్టూ తిరిగి కుట్లు లాగి చూసి, "మంచి చెయ్యే" అంది. ఆవిడ నోట అంతకంటే మెప్పు రాదు.

ఇక పొరపాటు సంగతి. ఎవరి మాటో విని చేసింది కాదు, నేను కోరి చేసింది.

మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా బొట్టు పెట్టి హారతివ్వడం అలవాటు. కారుకి ఇచ్చాం, వాషింగ్ మెషీనుకి ఇచ్చాం, మా అమ్మాయి లాప్‌టాపుకి ఇచ్చాం. బ్యాగుకి కూడా ఇవ్వమని అత్తయ్యని అడిగాను.

"సంచికి హారతేంటే, వింటే నవ్వుతారు" అంది.

"మంచుకొండల మీద నా బరువంతా దీనిమీదే కదా అత్తయ్యా. ఇవ్వండి."

"నీ బరువు అది మొయ్యదు. దాని బరువు నువ్వు మోస్తావు" అంటూనే పళ్ళెం తీసింది.

ఇక్కడి ఇళ్ళల్లో హారతంటే మన దగ్గరలా కుదరదు. వంటింటి కప్పుకి పొగ అలారం ఉంటుంది. కర్పూరం వెలిగిస్తే చాలు, వీధంతా వినపడేలా మొత్తుకుంటుంది. అందుకని ఎవరో ఒకరు దాని కింద కుర్చీ ఎక్కి తువ్వాలు విసురుతూ ఉండాలి. ఆ పని మా అమ్మాయిది. ఆ రోజు నేనే, "ఒక్కసారైనా దిగి దణ్ణం పెట్టుకోవే" అన్నాను. దిగింది. బ్యాగుని బల్ల మీద నిలబెట్టి, బెల్టుకి బొట్టు పెట్టి, నేను కళ్ళు మూసుకున్నాను. మూడో తిప్పు తిప్పుతుండగా అలారం మోగింది. అత్తయ్య ఉలిక్కిపడింది. పళ్ళెం వంగి, మండుతున్న కర్పూరం బిళ్ళ జారి బ్యాగు పక్కన స్కీ లూపు మొదట్లో పడింది.

నేను కళ్ళు తెరిచేసరికి గుడ్డ నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోతోంది. మా అమ్మాయి తడితువ్వాలుతో అదిమింది. తీసి చూస్తే రూపాయి బిళ్ళంత కన్నం, చుట్టూ గట్టిపడిన నల్లటి అంచు. లూపు కుట్టు సగం కాలిపోయింది.

ఈ గుడ్డ దారాలు నీళ్ళు మరిగే వేడికి కాస్త పైనే కరిగిపోతాయని, నిప్పు దగ్గరికి తీసుకెళ్ళొద్దని నేను చదివాను. నోటు పుస్తకంలో రాసుకున్నాను, కింద గీత కూడా గీశాను. ఆ పేజీకి రెండడుగుల దూరంలో కర్పూరం వెలిగించమని అడిగాను. చదివింది ఒక గదిలో, దణ్ణం పెట్టే చేతులు ఇంకో గదిలో ఉన్నట్టుంది.

అత్తయ్య పళ్ళెం కింద పెట్టి కుర్చీలో కూలబడింది. "పాడు చేశానే" అని ఒకటే మాట. నేనే కదా అడిగానంటే వినలేదు. కాసేపటికి సూదీ దారం తెచ్చుకుంది, రఫ్ఫు చేస్తానని.

"వద్దత్తయ్యా. ఈ గుడ్డకి దగ్గర దగ్గరగా సూది దిగితే ఆ కన్నాల వెంబడే చిరుగుతుందట."

"ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉంది."

"కర్పూరం గురించి కూడా ఉందా నీ పుస్తకంలో?"

నేను నోటు పుస్తకం మూసేశాను. ఆవిడ కూడా సూది పక్కన పెట్టేసింది.

కార్క్ వర్క్‌షాపుకి ఫోన్ చేశాను. బాగుచేస్తాం, కానీ వరసలో ముందు చాలామంది ఉన్నారు, ఆరు వారాలు పడుతుందన్నారు. లీడరు పరీక్ష ఎనిమిది రోజుల్లో ఉంది. మా ఆయన వేరేది కొనుక్కోమన్నారు. అది కాకపోతే, లూపు కనపడకుండా మీద ఏదైనా అతికించి ఈసారికి వెళ్ళమన్నారు. అలా వెళ్ళడం నా వల్ల కాలేదు. స్కీలు బ్యాగుకి కట్టుకుని ఎక్కేటప్పుడు ఆ లూపు తెగితే స్కీ నా దగ్గర ఆగదు. కింద నా వెనక ఎక్కుతున్నవాళ్ళ మీదికి పోతుంది.

రెండు రోజులు ఆలోచించాక తట్టింది. గుడ్డ తెరచాపది అయినప్పుడు బ్యాగులవాళ్ళ దగ్గరికి ఎందుకు, తెరచాపలు బాగుచేసేవాళ్ళ దగ్గరికే వెళ్ళొచ్చు కదా. హోత్ రేవు దగ్గర ఒకాయన ఉన్నాడని తెలిసింది. నేను బయల్దేరుతుంటే అత్తయ్య శాలువా కప్పుకుని కారెక్కి కూర్చుంది.

ఆయన పనిచేసే చోటు పైఅంతస్తులో పెద్ద చెక్కనేల గది. నేలమీదే గుడ్డ పరిచి కూర్చుని కుడతాడు. కుట్టుమిషను కోసం నేలలో గొయ్యి చేసి దాంట్లో దించారు. అత్తయ్య ఆ మిషను దగ్గరికి వెళ్ళి నిలబడింది, ఇక అక్కడినుంచి కదల్లేదు. ఆయన బ్యాగుని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"పందెం పడవ తెరచాప. బాగానే వాడారు. ఇదేంటి, సిగరెట్టా?"

"కాదండీ. కొత్త వస్తువు కదా, దేవుడి ముందు పెట్టి కర్పూరం వెలిగించాం. పడిపోయింది."

ఆయన నన్ను చూశాడు, శాలువాలో ఉన్న అత్తయ్యని చూశాడు. "మా అమ్మ కొత్త ట్రాక్టరు వస్తే సీసాలో పవిత్ర జలం తెచ్చి చల్లేది. ఇంజిను మీద కూడా. మీరు కూడా నీళ్ళతో సరిపెట్టుకోవాల్సింది."

అత్తయ్యకి తెలుగులో చెప్పాను. మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. "వాళ్ళమ్మకి తెలివుందని చెప్పు" అంది. చెప్పాను.

కాలిన అంచుని గుండ్రంగా కత్తిరించేసి, లోపలా బయటా పెద్ద అతుకులు వెయ్యాలన్నాడు. "అతుకు మూలలు కూడా గుండ్రంగా ఉండాలి కదా, చదరంగా ఉంటే లేచిపోతాయి" అన్నాను. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. లైబ్రరీలో అన్నాను. చేతిలో ఉన్న టీ కప్పూ పెన్సిలూ నాకిచ్చి, "అయితే గీత నువ్వే గియ్యి" అన్నాడు. కప్పు బోర్లించి గుడ్డ మీద గీశాను. లూపు కింద కొత్త పట్టీ వేసి, దాన్ని మంచి గుడ్డ ఉన్నదాకా పొడిగించి, దూరం దూరం కుట్లతో కుట్టాడు. "కుట్లు దగ్గరగా వేస్తే స్టాంపుల షీటులా చిరిగిపోతుంది" అన్నాడు. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ నన్ను చూడకుండా ఆయన చేతుల్నే చూస్తోంది. పని అయ్యాక అతుకు మీద బొటనవేలితో గట్టిగా రాసి, "గ్రాండ్" అన్నాడు. బరువు నలభై గ్రాములు పెరిగింది.

పరీక్ష రోజు ఒక్క మంచు తునక లేదు. గాలీ బురదా. కొండ కింద కారు పార్కులో స్కీలు బ్యాగులకి కట్టుకుంటున్న ఆరుగురిని చూసి కుక్కని తిప్పుతున్న ఒకాయన, "ఇంకో దేశం వెళ్ళాలేమో మీరు" అన్నాడు. లీడరు స్కీలు పక్కన పెట్టించి మా బ్యాగులు కొక్కెం త్రాసుకి వేలాడదీసింది. నాది ఎనిమిది కిలోల ఎనిమిది వందలు. తలూపింది. తర్వాత అతుకు చూసింది.

నేను చెప్పకముందే అది ఆవిడ కంటపడింది, కానీ నేను చెప్పేదాకా ఆగింది. కర్పూరం, అలారం, హోత్, అంతా చెప్పాను. నవ్వలేదు. లూపు పట్టుకుని బ్యాగు మొత్తాన్ని ఎత్తి రెండుసార్లు విదిలించింది.

"చూడ్డానికి బాగుంది. చూసినంత మాత్రాన నేను నమ్మను. నీది నాకివ్వు. నాది నువ్వు మొయ్యి."

నా బ్యాగుకి తన పొడవాటి స్కీలు కట్టుకుని ముందు నడిచింది. ఆవిడ బ్యాగు వేసుకోగానే బరువంతా నా భుజాల మీద పడింది. మందపాటి పాత గుడ్డది, ఎక్కడ చూసినా అతుకులే. బకిలు ఒకటి పోతే ఆ చోట షూ లేసు కట్టి ఉంది. ఊపిరి అందక ఆగినచోట అడిగాను, "ఇది ఎన్నేళ్ళది?"

"ఇరవై రెండు. కొత్త బ్యాగు కొనకపోవడం కంటే పర్యావరణానికి మంచిది నీ పుస్తకాల్లో ఏదైనా ఉందా?"

"లేదు. కానీ ఇంత బరువు గుడ్డతో తొమ్మిది కిలోల లెక్కలో ఎలా పడుతున్నారు?"

"రెండో స్వెట్టరు తీసుకురాను."

అప్పటిదాకా నేను చదివి ఎంచుకున్నానని గర్వంగా ఉండేది. ఆ గర్వం పూర్తిగా పోయిందని చెప్పను. నా వీపుకి సరిపడే పాతది దొరికి ఉంటే అదే తీసుకునేదాన్ని. అయినా ఆ ఎక్కుడులో ఒక సంగతి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఏది కొనాలని ఆరు వారాలు చదివాను, ఉన్నదాన్ని బాగుచేసుకోవడం ఎలాగని చదివింది నాలుగు పేజీలే. చివరికి అక్కరకొచ్చింది ఆ నాలుగు పేజీలే.

శిఖరం దగ్గర గాలి మరీ ఎక్కువ. స్కీలకి గాలి తగిలి ఆవిడ రెండుసార్లు పక్కకి తూలింది. నేను వెనక నడుస్తూ ఆ లూపుని తప్ప ఇంకేమీ చూడలేదు. పైన రాళ్ళ గుట్ట చాటుకి చేరాక ఆవిడ బ్యాగు దించి, స్కీలు విప్పి, అతుకు చుట్టూ గోటితో గీసి చూసింది. దారం ఒక్కటీ లేవలేదు. టీ ఫ్లాస్కు తీసి మూతలో పోసుకుని, సగం తాగాక అంది, "బ్యాగు నార్వే వస్తుంది."

"నేను?"

"బ్యాగు తనంతట తను రాలేదు కదా. ఎవరో ఒకరు మొయ్యాలి. నెమ్మదిగానే వస్తావు, పర్లేదు, వేళకి ముందే బయల్దేరుదాం."

గాలికి కళ్ళు చెమర్చాయని అనుకుని ఉంటుంది. మిగిలిన టీ నాకిచ్చింది.

నార్వేలో మూడోరోజు స్కీలు బ్యాగుకి కట్టుకుని ఎక్కాల్సిన చోటు వచ్చింది. రెండు బండల మధ్య ఇరుకైన మంచు దారి, నిచ్చెనంత నిటారు. ముందువాళ్ళు బూట్లతో తన్ని చేసిన మెట్లలో కాలు పెడుతూ, మంచు గొడ్డలి గుచ్చుకుంటూ వెళ్ళాను. తల పైన స్కీ కొనలు ఒకదానికొకటి తగిలి టిక్కుటిక్కుమంటున్నాయి. నా వెనక ఇద్దరు ఉన్నారు. వాళ్ళకి నా బ్యాగు గురించి తెలుసు, అయినా నా వెనకే వచ్చారు. పైకి చేరాక వెనక్కి తిరిగి చూస్తే లోయంతా తెల్లగా, కింద మేము గడిపిన విడిది అగ్గిపెట్టెంత ఉంది. పుస్తకాల్లో చదివిన మంచు రకాలన్నీ అక్కడ ఉండే ఉంటాయి. ఆ పూట ఒక్క పేరూ గుర్తుకు రాలేదు. స్కీలు దించి తొడుక్కుని, మిగతావాళ్ళ వెనక నడిచాను.

ఇందులో సాయం చేసినవాళ్ళు తమ పేర్లు వద్దన్నారు కాబట్టి వరసలతోనే చెప్పుకుంటాను. నా వీపు కొలిచి, నా తప్పుని తన మీద వేసుకున్న అత్తయ్యకి. తడితువ్వాలుతో మిగతా బ్యాగుని కాపాడిన మా అమ్మాయికి. ఆరు రోజులు వంట చేసుకుని, ఇప్పుడు సోఫా మాట ఎత్తని మా ఆయనకి. ఎక్కడెక్కడి నుంచో పుస్తకాలు తెప్పించిన లైబ్రరీ ఆవిడకి. కార్క్‌లో బ్యాగు కుట్టిన ఆ దంపతులకి. గీత నన్నే గియ్యమన్న హోత్ పెద్దాయనకి. ఆ ఇరుకుదారిలో నా వెనక ఎక్కిన ఇద్దరికి. నా బ్యాగుని తన వీపు మీద మోసి చూశాక నమ్మిన మా లీడరుకి. అందరికీ నా నమస్కారాలు.